నలభై ఎకరాల దారిలో ఐదు రోజులు

మేముండేది సౌత్ కరొలైనా రాష్ట్రంలోని ఫోర్ట్ మిల్. షార్లెట్ నగరానికి ఆనుకుని ఉంటుంది, తెలుగువాళ్ళు బాగా ఎక్కువ. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు చదువుతోంది. ఇక్కడ ఎనిమిదిలో సౌత్ కరొలైనా చరిత్ర ఒక సబ్జెక్టు. మార్చిలో ఒక రాత్రి హోంవర్క్ చేసుకుంటూ అడిగింది: "నాన్నా, యుద్ధం అయిపోయాక బానిసలందరినీ వదిలేశారు కదా. మర్నాడు వాళ్ళు ఎక్కడ పడుకున్నారు? ఏం తిన్నారు?"

నా దగ్గర జవాబు లేదు. కానీ అలాంటి ప్రశ్న మా ఇంట్లో ఇంతకుముందు విన్నాను. మా తాత గుంటూరు జిల్లాలో ఒక ఆసామి దగ్గర పాలేరు. ఏడాది జీతానికి కుదిరి, తీసుకున్న అప్పు తీరక మళ్ళీ ఏడాదికి కుదిరేవాడు. ఒకసారి తెగించి మానేశాడట. "ఆ పూట సంతోషంగానే ఉన్నాడు. రాత్రి పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం ఎవరింట్లో అడగాలా అని కూర్చున్నాం" అని మా నాయనమ్మ చెప్పేది.

బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం 1865లో ఉత్తరాది గెలుపుతో ముగిసింది. ఆ తర్వాత 1877 దాకా ఉన్న కాలాన్ని రీకన్‌స్ట్రక్షన్ అంటారు, అంటే పునర్నిర్మాణం. రెండు ముక్కలైన దేశాన్ని మళ్ళీ అతకాలి. నలభై లక్షల మంది బానిసలను పౌరులుగా చెయ్యాలి. ఆ పని మొదలైన చోట్లు చాలావరకు మా రాష్ట్రంలోనే, సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఏప్రిల్ సెలవుల్లో ముగ్గురం కారులో బయల్దేరాం.

మొదటి రోజు, మంగళవారం: సవానా

తెల్లవారుజామునే లేచి పులిహోర కట్టుకుని ఎక్కాం. నాలుగు గంటల ప్రయాణం. సవానా నది దాటితే జార్జియా రాష్ట్రం. ఊరి మధ్యలో చిన్న చిన్న చదరాల పార్కులు, వాటి చుట్టూ పాత ఇళ్ళు. ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంది. మాడిసన్ స్క్వేర్ పక్కన గ్రీన్-మెల్డ్రిమ్ హౌస్ అనే పెద్ద భవంతి ఉంది. ఇప్పుడది పక్కనున్న చర్చి వాళ్ళది. 1864 డిసెంబరులో ఉత్తరాది సైన్యాధిపతి షెర్మన్ సవానాను పట్టుకుని ఈ ఇంట్లో దిగాడు.

1865 జనవరి 12 సాయంత్రం ఈ ఇంటి మేడ మీదికి ఇరవై మంది నల్లజాతి పెద్దలు వచ్చారు. అందరూ చర్చి పాస్టర్లు, పెద్దలు. కొందరు మూడు వారాల ముందు దాకా బానిసలే. షెర్మన్, ఆయనతో పాటు వాషింగ్టన్ నుంచి వచ్చిన యుద్ధమంత్రి స్టాంటన్, వాళ్ళని కూర్చోబెట్టి అడిగారు: మీకేం కావాలి?

దక్షిణాదిలో నల్లవాళ్ళని ప్రభుత్వం అలా అడగడం అంతకుముందు లేదు. అందరి తరఫునా గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ళ పాస్టరు జవాబు చెప్పాడు. ఆయన తననూ తన భార్యనూ వెయ్యి డాలర్ల వెండి, బంగారం పోసి యజమాని దగ్గర కొనుక్కున్న మనిషి. బానిసత్వమంటే ఏమిటని అడిగితే, ఒక మనిషి ఒప్పుకోకుండా అతని పనిని బలవంతంగా తీసుకోవడం అన్నాడు. మీ బతుకు మీరు ఎలా చూసుకుంటారని అడిగితే, మాకు భూమి ఉండాలి, దాన్ని మా రెక్కల కష్టంతో దున్నుకోవాలి అన్నాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ అప్పుడే రాసిపెట్టారు కాబట్టి మనకు మిగిలాయి.

నాలుగు రోజుల తర్వాత షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. చార్ల్‌స్టన్ నుంచి దక్షిణంగా ఫ్లోరిడా దాకా ద్వీపాలు, తీరం వెంట ముప్ఫై మైళ్ళ లోపలిదాకా వదిలేసిన వరిపొలాలు స్వేచ్ఛ పొందినవాళ్ళకి. కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా. అమెరికాలో నేటికీ నల్లవాళ్ళు "నలభై ఎకరాలు" అని తలుచుకునేది ఈ మాటనే. ఆ వేసవికల్లా నలభై వేల మంది నాలుగు లక్షల ఎకరాల్లో నాగలి పెట్టారు.

"ఇప్పుడు ఆ భూములన్నీ వాళ్ళవేనా?" అంది అమ్మాయి. దాని కోసమే వెళ్తున్నాం అన్నాను.

సాయంత్రం ఊరి పడమటి వైపు ఒక గుర్తు పలక దగ్గర ఆగాం. 1859 మార్చిలో అక్కడి గుర్రప్పందేల మైదానంలో ఒక యజమాని అప్పులు తీర్చడానికి నాలుగు వందల మందికి పైగా మనుషుల్ని రెండు రోజులు వేలం వేశాడు. వాన పడుతూనే ఉందట. పలక చుట్టూ చూడడానికి ఏమీ లేదు. మా ఆవిడ కారు దిగి కాసేపు చెప్పులు విడిచి నిలబడింది.

రెండో రోజు, బుధవారం: బ్యూఫర్ట్

సవానా నుంచి గంట ప్రయాణం. నది ఒడ్డున అందమైన చిన్న ఊరు. ఒకప్పుడు పత్తి మీద కోట్లు గడించిన తోటల యజమానుల విడిది. 1861 నవంబరు 7న ఉత్తరాది నౌకలు పోర్ట్ రాయల్ జలసంధిలో ఫిరంగులు పేల్చి కోటలను పట్టుకున్నాయి. ఆ దెబ్బకి తెల్ల యజమానులు ఇళ్ళు, తోటలు వదిలేసి పారిపోయారు. చుట్టుపక్కల ద్వీపాల్లో పది వేల మంది బానిసలు మిగిలిపోయారు. యుద్ధం ఇంకా మూడున్నర ఏళ్ళు నడవాల్సి ఉంది, కానీ ఇక్కడ మాత్రం బానిసత్వం ఆ రోజే ఊడిపోయింది. అందుకే రీకన్‌స్ట్రక్షన్‌కి ఇది తొలి మడి. 2017లో ఒబామా దిగిపోయే ముందు దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, 2019లో జాతీయ చారిత్రక పార్కు అయింది. క్రేవెన్ వీధిలో పాత ఫైర్ స్టేషన్‌లో పార్కు ఆఫీసు ఉంది. అక్కడి రేంజర్ మ్యాప్ మీద పెన్నుతో గీసి మరీ దారి చెప్పాడు.

ఈ ఊరి మనిషి రాబర్ట్ స్మాల్స్. 1839లో ప్రిన్స్ వీధిలో యజమాని మెక్కీ వాళ్ళ ఇంటి వెనక, పనివాళ్ళ గుడిసెలో బానిసగా పుట్టాడు. పన్నెండేళ్ళ వయసులో యజమాని చార్ల్‌స్టన్‌కి పంపి కూలికి పెట్టాడు. యుద్ధం వచ్చేనాటికి దక్షిణాది సైన్యం వాడే ప్లాంటర్ అనే ఓడ నడిపేవాడు. 1862 మే 13 తెల్లవారుజామున తెల్ల అధికారులు ఒడ్డున పడుకున్న సమయంలో, కెప్టెన్ పెట్టుకునే గడ్డి టోపీ నెత్తిన పెట్టుకుని, భార్యాపిల్లలతో కలిపి పదహారు మందితో ఓడ కదిలించాడు. ఒక్కో కోట దగ్గర సరైన ఈల సంకేతం ఊదుతూ సమ్టర్ కోట కూడా దాటి, తెల్ల జెండా ఎత్తి ఉత్తరాది నౌకలకు అప్పగించాడు. అప్పటికి అతనికి 23 ఏళ్ళు.

ఈ కథ చాలామందికి తెలుసు. నాకు అంతకన్నా పెద్దదిగా అనిపించింది దాని తర్వాతిది. యజమానులు పారిపోయాక, పన్ను కట్టలేదని ప్రభుత్వం వాళ్ళ ఆస్తులు జప్తు చేసి వేలం వేసింది. ఆ వేలంలో స్మాల్స్ తాను వెనక గుడిసెలో పుట్టిన మెక్కీ వాళ్ళ ఇంటినే కొన్నాడు. యుద్ధమయ్యాక పాత హక్కుదారు డి ట్రెవిల్ ఆ ఇల్లు నాదని కోర్టుకెక్కాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పన్ను వేలంలో వచ్చిన హక్కు చెల్లుతుందని 1878 నాటి ఆ కేసులో కోర్టు స్మాల్స్ పక్షాన తీర్పిచ్చింది. ఒక్క ఇంటితో పోలేదు. అదే రకం కాగితం చేతిలో ఉన్న చాలామంది చిన్న రైతులకు ఆ తీర్పు గొడుగు అయింది.

ఇల్లు ప్రిన్స్ వీధిలో ఇప్పటికీ ఉంది. తెల్లటి స్తంభాలు, రెండంతస్తుల వరండా. వీధిలోంచే చూశాం. "ముందు వెనక గుడిసె, తర్వాత ముందు గుమ్మం" అని అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది.

స్మాల్స్ 1868లో రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చుని, పిల్లలందరికీ ప్రభుత్వ బడులు ఉండాలని పట్టుబట్టాడు. ఈ రాష్ట్రంలో నల్ల పిల్లలకే కాదు, పేద తెల్ల పిల్లలకు కూడా ఉచిత బడుల వ్యవస్థ ఆ రాజ్యాంగంతోనే వచ్చింది. మా అమ్మాయి ఫీజు లేకుండా చదువుతున్న బడికి మూలం అక్కడుంది. ఆ సంగతి నాకు నలభై మూడేళ్ళు వచ్చాక, అదీ ఒక గోడ మీది బోర్డు చదివితే తెలిసింది. స్మాల్స్ తర్వాత ఐదు సార్లు అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు.

టాబర్నకిల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఆయన సమాధి, పక్కనే విగ్రహం. దాని మీద ఆయన 1895లో అన్న మాటలు చెక్కారు. నా జాతికి ప్రత్యేకంగా ఎవరి వకాల్తా అక్కర్లేదు, ఈ దేశంలో వాళ్ళ గత చరిత్రే వాళ్ళు ఎవరికీ తీసిపోరని రుజువు చేస్తోంది, వాళ్ళకు కావలసిందల్లా బతుకు పోరులో సమానమైన అవకాశం, అని దాని సారం. అమ్మాయి పైకి చదివింది. 1895 అనే అంకె కింద గీత గీయించాను, ఐదో రోజు పని పడుతుందని.

ఎండ తగ్గాక జాతీయ శ్మశానానికి వెళ్ళాం. ఒకే కొలత తెల్లరాళ్ళు వరసలు వరసలుగా. ఇక్కడ పడుకున్నవాళ్ళలో కొందరిని మొదట చార్ల్‌స్టన్‌లో పాతిపెట్టారు. ఆ కథ తర్వాత.

మూడో రోజు, గురువారం: సెయింట్ హెలీనా ద్వీపం

బ్యూఫర్ట్ నుంచి వంతెన దాటి లేడీస్ ఐలండ్, అక్కణ్ణుంచి సెయింట్ హెలీనా. దారికి రెండు పక్కలా టమాటా తోటలు, రొయ్యల పడవల రేవులు, చెట్ల చాటున చిన్న చిన్న ఇళ్ళు. పక్కనున్న హిల్టన్ హెడ్ ద్వీపంలో గోల్ఫ్ మైదానాలు, గేట్లు వేసిన కాలనీలు నిండిపోయాయి. ఇక్కడ అలాంటివి కట్టకుండా 1999 నుంచి కౌంటీ నిబంధన ఉంది. గాలిలో ఉప్పు బురద వాసన. మా దివిసీమ వైపు గాలి లాగే ఉందని మా ఆవిడ కారు అద్దం దించింది.

పెన్ సెంటర్ ఇక్కడే. 1862లో ఫిలడెల్ఫియా నుంచి లారా టౌన్ అనే ఆవిడ వచ్చి, స్నేహితురాలు ఎలెన్ మర్రేతో కలిసి బడి పెట్టింది. గది చాలకపోతే ఇటుకల చర్చిలోకి మార్చారు. ఆ చర్చి 1855లో బానిసలే కట్టినది, కానీ అప్పట్లో వాళ్ళు కూర్చోవలసింది పైన బాల్కనీలో. యజమానులు పారిపోయాక కిందికి దిగారు. తమ చేత్తో పేర్చిన గోడల మధ్య, తమకు నిషేధించిన అక్షరాలు దిద్దుకున్నారు. అదే ఏడాది షార్లట్ ఫోర్టెన్ అనే నల్లజాతి యువతి ఉత్తరాది నుంచి టీచరుగా వచ్చింది. తాతలు, మనవలు ఒకే బెంచీ మీద కూర్చునేవారట. లారా టౌన్ మళ్ళీ వెళ్ళిపోలేదు. దాదాపు నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి ఇక్కడే కన్నుమూసింది.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడింది భూముల పటం దగ్గర. షెర్మన్ ఉత్తర్వు కన్నా ముందే, 1863 నుంచే ఈ ద్వీపంలో పన్ను బాకీ భూములు వేలానికి వచ్చాయి. కొన్ని ఉత్తరాది వ్యాపారులు ఎగరేసుకుపోయారు. కొన్నిచోట్ల నల్లవాళ్ళు కూలి డబ్బు, సైన్యం జీతాలు పోగేసి తామే కొనుక్కున్నారు. ప్రభుత్వం దగ్గర మిగిలినవి 10, 20 ఎకరాల ముక్కలు చేసి అమ్మారు. 1866 చట్టంలో ఎకరం ఒకటిన్నర డాలరు. వాళ్ళ చేతికి వచ్చింది సైన్యాధిపతి మాట కాదు, ప్రభుత్వ ముద్ర ఉన్న అమ్మకపు పత్రం. లింకన్‌ని చంపేశాక అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి భూములు తిరిగి ఇచ్చేశాడు. షెర్మన్ ఉత్తర్వు భూములు దాదాపు అన్నీ అలా వెనక్కి పోయాయి. ఈ పన్ను వేలం భూములను మాత్రం చాలావరకు కదపలేకపోయాడు.

ఇక్కడ నాకు మా తాత పట్టా గుర్తొచ్చింది. డెబ్బైల్లో ప్రభుత్వం ఆయనకి ఎకరంన్నర డి-ఫారం పట్టా ఇచ్చింది. కాగితం ఇచ్చిన రోజు ఊళ్ళో మేళం పెట్టారట. నేల మాత్రం పదకొండేళ్ళ దాకా ఆయన కాలి కిందికి రాలేదు. ఎప్పుడు వెళ్ళినా ఎవరిదో పైరు ఉండేది. అక్కడ కాగితం ఉండి నేల లేదు, ఇక్కడ షెర్మన్ సవానా ఉత్తర్వు కింద నేల ఉండి గట్టి కాగితం లేదు. రెండూ కలిసిన చోటు సెయింట్ హెలీనా. 160 ఏళ్ళ తర్వాత కూడా ఆ కుటుంబాల పేర్లే పోస్టు డబ్బాల మీద కనిపిస్తున్నాయి. ఇదేమీ చిన్న సంగతి కాదు.

బయట ఓక్ చెట్టు కింద బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మేము ఇండియా నుంచి వచ్చామని తెలిసి, అన్నం తింటారా అని అడిగింది. తింటాం అంటే, మేమూ అంతే అంది. వరి పండించడం తెలిసిన ఆఫ్రికా జనాన్ని ఏరి మరీ ఈ తీరానికి తెచ్చారు. గల్లా అని పిలిచే వీళ్ళ భాషలో, వంటలో ఆ జాడ ఇప్పటికీ ఉంది. టమాటా వేసి ఎర్రగా వండే అన్నం, బెండకాయ పులుసు, రొయ్యలు. మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో అవే తిన్నాం. అన్నం మా టమాటా బాత్‌కి దగ్గరి చుట్టం.

ఆవిడ మాటల్లో ఒక కొత్త భయం తెలిసింది. వాళ్ళ ముత్తాత కొన్న భూమి వీలునామా లేకుండా తరాలు దిగింది. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో ఉన్న దాయాదులందరికీ అందులో వాటా ఉంది. ఎక్కడో ఉన్న ఒక్కడు తన వాటా బిల్డర్‌కి అమ్మితే, ఆ బిల్డర్ పంపకం కావాలని కోర్టుకెళ్ళి మొత్తం భూమిని వేలం వేయించవచ్చు. ఇక్కడ దీన్ని వారసుల ఉమ్మడి ఆస్తి అంటారు. అలా ఈ తీరంలో చాలా భూములు పోయాయి. 2016లో రాష్ట్రం ఒక చట్టం చేసింది, అమ్మే ముందు మిగతా వారసులకు ఆ వాటా కొనుక్కునే అవకాశం ఇవ్వాలని. ఆ చట్టానికి క్లెమెంటా పింక్నీ అనే సెనేటర్ పేరు పెట్టారు.

"అప్పుడు కాగితం లేక పోయింది, ఇప్పుడు కాగితంలో పేర్లు ఎక్కువై పోతోంది" అంది మా ఆవిడ. పెద్దావిడకి ఇంగ్లీషులో చెప్పాను. చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాలుగో రోజు, శుక్రవారం: ఎడిస్టో, చార్ల్‌స్టన్

ఎడిస్టో ద్వీపానికి వెళ్ళే రోడ్డు చెట్ల సొరంగంలా ఉంటుంది. ఈ నేలలో పండిన పొడుగు పింజ పత్తికి ఒకప్పుడు ప్రపంచంలోనే మంచి ధర. యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోతే ఇంగ్లండ్ మిల్లులు మన దేశం మీద పడ్డాయి, కాకినాడ రేవు పుంజుకున్నది కూడా ఆ గిరాకీ వల్లే. ఇక్కడి కుటుంబాలకు షెర్మన్ ఉత్తర్వు కింద భూములు వచ్చాయి. ఒక పంట పండించుకున్నారు.

1865 అక్టోబరులో జనరల్ ఆలివర్ హోవర్డ్ ఇక్కడికి వచ్చాడు. స్వేచ్ఛ పొందినవాళ్ళ బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ, ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకి అధిపతి. యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి. చర్చి నిండా జనం. భూములు పాత యజమానులకు ఇచ్చెయ్యాలి, వాళ్ళ దగ్గరే కూలికి కుదరండి, వాళ్ళని క్షమించండి అని చెప్పాల్సిన పని ఆయన మీద పడింది. జనం గోల చేశారు. ఎవరో ఒక దుఃఖగీతం అందుకుంటే అందరూ కలిశారు. హోవర్డ్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడట.

తర్వాత ద్వీపవాసుల్లో ముగ్గురు, హెన్రీ బ్రామ్, ఇష్మాయిల్ మౌల్ట్రీ, యేట్స్ సాంప్సన్, కమిటీగా అర్జీ రాశారు. అది నేను ఫోన్‌లో దాచుకుని తెచ్చాను. నీటి ఒడ్డున కారు ఆపి తెలుగులో చెప్పాను: "మా ద్వీపపు భూస్వాముల్ని క్షమించమంటున్నారు. మీరు యుద్ధంలో కుడి చెయ్యి మాత్రమే పోగొట్టుకున్నారు, మీరు క్షమించవచ్చు. నన్ను చెట్టుకి కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి, మా అమ్మనీ చెల్లెల్నీ బట్టలూడదీసి కొట్టినవాణ్ణి, తన పొలం చేసి తానిచ్చిందే పుచ్చుకుంటే తప్ప ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వనివాణ్ణి, నాకు సొంత భూమి ఉంటే తన గడప తొక్కనని తెలిసే పదిమందితో కలిసి నాకు భూమి దక్కకుండా చేస్తున్నవాణ్ణి, ఆ మనిషిని నేను క్షమించలేను."

చివరి మాట దగ్గర నా గొంతు పోయింది. అమ్మాయి నీళ్ళ బాటిల్ ఇచ్చింది. భూమి ఎందుకు ఇవ్వరో ఇంత సూటిగా చెప్పినవాళ్ళని నేను చదవలేదు. దొరకి కావలసింది పొలం ఒక్కటే కాదు, ఆ పొలంలో దిగే మనిషి. అతనికి సొంత నేల చెక్క ఉంటే దిగడు. ఆ ఏడాది చివర్లోనే ఈ రాష్ట్ర శాసనసభ బ్లాక్ కోడ్స్ అనే చట్టాలు చేసింది. సేద్యం, ఇంటిపని కాక వేరే ఏ పని చెయ్యాలన్నా నల్లవాళ్ళు లైసెన్సుకి డబ్బు కట్టాలి. కాంట్రాక్టు కాగితాల్లో యజమానిని "మాస్టర్" అనే రాయాలి. ఇంకో విషయం, 1873లో మహారాష్ట్రలో జోతిరావు ఫూలే కులం మీద రాసిన పుస్తకాన్ని అమెరికాలో బానిసత్వం పోవడానికి పాటుపడినవాళ్ళకు అంకితమిచ్చారు. ఈ అర్జీ ఆయన కంటబడే వీలు లేదు. పడి ఉంటే ప్రతి వాక్యమూ తన ఊరిదే అనుకునేవారు.

అంతటితో ఎడిస్టో కథ అయిపోలేదు. జిమ్ హచిన్సన్ అనే ఆయన పూనుకుని కుటుంబాల డబ్బు పోగేసి, తోటలు కలిసి కొని పంచుకున్నారు. ఆయన కొడుకు హెన్రీ 1885 ప్రాంతంలో కట్టుకున్న చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. దూరం నుంచి చూసి బయల్దేరాం.

చార్ల్‌స్టన్‌లో ట్రాఫిక్, పార్కింగ్ టెన్షన్. హాంప్టన్ పార్కు ఒక్కటీ నిదానంగా చూశాం. యుద్ధకాలంలో ఇది గుర్రప్పందేల మైదానం. దాన్ని ఉత్తరాది ఖైదీల జైలు చేశారు. 250 మందికి పైగా చనిపోతే గుంటల్లో పూడ్చారు. ఊరు విడుదలయ్యాక నల్లజాతి పనివాళ్ళు ఆ శవాలకు సరైన సమాధులు కట్టి, చుట్టూ కంచె వేశారు. 1865 మే 1న పది వేల మంది, ఎక్కువమంది నల్లవాళ్ళు, బడిపిల్లలు ముందు నడుస్తుండగా పూలు తెచ్చి పరిచారు. అమెరికాలో మెమోరియల్ డే అని జరుపుకునే పండుగకు ఇదే తొలి రూపమని కొందరు చరిత్రకారులంటారు. ఆ సమాధుల్లోవాళ్ళే తర్వాత బ్యూఫర్ట్ శ్మశానానికి చేరారు. "సవానాలో కూడా గుర్రాల మైదానమే" అంది అమ్మాయి. నాకు తట్టలేదు.

ఈ పార్కుకి వేడ్ హాంప్టన్ పేరు పెట్టారు. రీకన్‌స్ట్రక్షన్‌ని కూల్చి గవర్నర్ అయిన మనిషి.

చీకటి పడుతుండగా కాల్హూన్ వీధిలో ఇమాన్యుయేల్ చర్చి ముందు ఆగాం. 2015 జూన్ 17న బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒక తెల్ల యువకుడు ఇక్కడే కాల్చి చంపాడు. వాళ్ళలో ఒకరు ఆ చర్చి పాస్టరు, రాష్ట్ర సెనేటరు క్లెమెంటా పింక్నీ. ముందురోజు విన్న భూమి చట్టం మీద ఉన్న పేరు.

ఐదో రోజు, శనివారం: కొలంబియా, ఇల్లు

రెండు గంటల్లో రాజధాని. 1868 తర్వాత ఇక్కడి శాసనసభ దిగువ సభలో నల్లవాళ్ళే ఎక్కువమంది. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అలా లేదు. జార్జ్‌టౌన్‌కి చెందిన జోసెఫ్ రెయినీ 1870లో అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్న తొలి నల్లజాతి సభ్యుడు. 1873లో ఇక్కడి యూనివర్సిటీ తలుపులు నల్ల విద్యార్థులకు తెరిచారు. రిచర్డ్ గ్రీనర్ అనే నల్లజాతి ప్రొఫెసరు తత్వశాస్త్రం చెప్పాడు, లైబ్రరీ సర్దాడు. లైబ్రరీ దగ్గర 2018లో ఆయన విగ్రహం పెట్టారు.

1876 ఎన్నికల్లో హాంప్టన్‌ని గెలిపించడానికి ఎర్రచొక్కాలు వేసుకున్న తెల్లవాళ్ళ గుంపులు తుపాకులతో ఊళ్ళు తిరిగాయి. సవానా నది ఒడ్డున హాంబర్గ్‌లో నల్లజాతి సైనిక దళం వాళ్ళని పట్టుకుని చంపారు. రెండు పక్షాలూ గెలిచామన్నాయి. వాషింగ్టన్‌లో అధ్యక్ష పదవికి బేరం కుదిరాక, 1877 ఏప్రిల్ 10న శాసనసభ నుంచి కేంద్ర సైనికులు బయటికి నడిచారు. అంతే. యూనివర్సిటీని మూసి, 1880లో తెల్లవాళ్ళకు మాత్రమే తెరిచారు. మళ్ళీ నల్ల విద్యార్థులు అడుగుపెట్టింది 1963లో. మా అమ్మాయి ఇంకో నాలుగేళ్ళకి ఇక్కడే చేరవచ్చు. ఆ అంకెలు తను రెండుసార్లు రాసుకుంది.

శాసనసభ ఆవరణలో గుర్రం మీద వేడ్ హాంప్టన్. ఇంకోవైపు బెన్ టిల్మన్. 1895లో కొత్త రాజ్యాంగం రాయించి నల్లవాళ్ళ ఓటు తీసేసింది ఆయనే. చదివి చూపించాలి, లేదా 300 డాలర్ల ఆస్తి ఉండాలి, దానికి తోడు ఓటు పన్ను. ఆ సభలో నల్లవాళ్ళు ఆరుగురే. వాళ్ళలో ఒకడు, 56 ఏళ్ళ రాబర్ట్ స్మాల్స్, లేచి అన్న మాటలే బ్యూఫర్ట్ సమాధి దగ్గర చదివినవి. ఓడిపోతానని తెలిసీ అన్నాడు. ఈ రాష్ట్రం నుంచి 1897లో చివరి నల్ల ప్రతినిధి దిగిపోయాక, మళ్ళీ ఒకరు వాషింగ్టన్ చేరింది 1993లో. స్మాల్స్ విగ్రహం ఈ ఆవరణలో పెట్టాలని 2024లో చట్టం చేశారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు టిల్మన్ దగ్గర ఫొటో దిగేముందు పలక మీద ఏముందో, ఏం లేదో రెండూ చూడండి.

ఇంటికి గంటన్నర దారి. దారిలో మా కౌంటీ గురించి చెప్పాను. యార్క్ కౌంటీలో 1871 మార్చిలో నల్లజాతి దళానికి కెప్టెన్ జిమ్ విలియమ్స్‌ని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ళ ముఠా ఇంట్లోంచి లాక్కెళ్ళి చెట్టుకి ఉరేసింది. ఆ అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంట్ తొమ్మిది కౌంటీల్లో ప్రత్యేకాధికారాలు వాడి వందలమందిని అరెస్టు చేయించాడు, వాటిలో మాదీ ఒకటి. ప్రభుత్వం గట్టిగా నిలబడ్డ రెండేళ్ళూ క్లాన్ అణిగింది. అంటే చేతకాక ఆగిపోయిన పని కాదు, చెయ్యడం మానేసిన పని.

ఫోర్ట్ మిల్ మెయిన్ స్ట్రీట్‌లో ఒక చిన్న పార్కు ఉంది. పిల్లకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి అక్కడ ఎన్నోసార్లు కూర్చున్నాం. కాన్ఫెడరేట్ పార్క్ అని, యుద్ధంలో దక్షిణాది పక్షం పేరు. అందులో ఒక తెల్లరాతి స్తంభం, "విశ్వాసపాత్రులైన బానిసలకు" అంకితం. యుద్ధంలో యజమానుల పక్షాన నమ్మకంగా చాకిరీ చేశారని కృతజ్ఞత. ఒక పక్క పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకున్న నల్లజాతి స్త్రీ బొమ్మ. కింద కొందరి పేర్లు, అందరికీ ఇక్కడి యజమానుల ఇంటిపేర్లే.

అమ్మాయి చుట్టూ తిరిగి ఏడాది వెతికింది. "1895" అంది. నోట్‌బుక్ తెరిచి గీత గీసిన అంకె చూపించింది. వీళ్ళేమనుకున్నారో ఎవరైనా అడిగారా అంది. ఇక్కడ అడిగినట్టు ఏమీ రాయలేదు అన్నాను.

పేర్లన్నీ ఒక్కొక్కటే రాసుకుంది. ఎండ వాలిపోయింది. కారెక్కాక వెనక సీట్లోంచి అడిగింది: "ముత్తాత పట్టా మన దగ్గర ఉందా?"

మా అన్నయ్య బీరువాలో ఉంది. ఇంటికి రాగానే, రెండు వైపులా ఫొటో తీసి పంపమని వాట్సాప్ పెట్టాను. అప్పుడు అక్కడ తెల్లవారుజామున ఐదు. పాలకి వెళ్ళడానికి లేచే వేళ.